కోడ్ నంబరు చాటున

మా అమ్మకి అక్షరం రాదు. మా నాయన కాయితాల మీద వేలిముద్రే వేశాడు. మిరపకాయల కోతకి పోయి అమ్మ తెచ్చిన కూలి డబ్బులతో నేను డిగ్రీ పరీక్ష ఫీజు కట్టాను. మా మాదిగ గూడెంలో డిగ్రీ హాల్‌టిక్కెట్టు మొదట వచ్చింది మా ఇంటికే. ఇవాళ నేను సర్కారు బడిలో సోషల్ పంతుల్ని. మార్కులేయించుకున్నోణ్ణి, మార్కులేసేవాణ్ణీ అయ్యాను కాబట్టి ఈ మార్కుల చరిత్ర నాకు తెలిసినంత చెబుతాను.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో యూనివర్సిటీలు పెట్టారు. లండన్ యూనివర్సిటీ వాటికి నమూనా. మొదట్లో అవి పాఠాలు చెప్పలేదు. కాలేజీలను తమ కింద చేర్చుకుని పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చాయి, అంతే. చదువంటే పరీక్షే అన్న రోగం అక్కణ్ణించే ముదిరింది. తరతరాలుగా వల్లెవేసినోళ్లకి ఇది కొత్తేం కాదు. మన తాతలది వేరే విద్య. తోలు సున్నంలో ఎన్నాళ్లు ఊరాలి, తంగేడు చెక్క ఎంత పడాలి, చెడితే ఎందుకు చెడింది - చేత్తో చూసి, ముక్కుతో చూసి, తప్పు పట్టుకుని నేర్చిన విద్య. దానికి ఏ యూనివర్సిటీ పేపరు పెట్టింది?

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. జవాబు పత్రం మీద పేరుండదు, నంబరుంటుంది. దిద్దేవాడికి నా మొహం కనపడదు. డిగ్రీలో నేను గట్టెక్కింది ఆ నంబరు చాటునే. గైడు బట్టీపట్టి రాశాను, ఫస్టుక్లాసు వచ్చింది. ఒక్క ప్రశ్నయినా సొంతంగా ఆలోచించి రాశానా అంటే, లేదు.

ఆలోచించింది ఎం.ఏ. చరిత్రలో. 2011లో మా గూడెం బావి ఎట్లా వచ్చిందో ప్రాజెక్టు రాశాను. ఊరి మంచినీళ్ల చెరువు దగ్గరికి మనోళ్లని రానియ్యని రోజుల్లో ఆ బావి తవ్వుకున్నారు. మా నాయనమ్మ చెప్పిందంతా రాశాను. వైవాలో ముగ్గురు కూర్చున్నారు. మొదటి ప్రశ్న: "ఇంటిపేరేంటి?" రెండోది: "ఊళ్లో ఏ వైపు?" మూడోది ప్రాజెక్టు మీద: "మీ ముసలమ్మ చెప్పింది చరిత్రవుద్దా? ఆధారమేది?"

ఆ మూడో ప్రశ్న తప్పనను. చరిత్ర చదివేవాణ్ణి ఆధారం అడగాల్సిందే. కానీ కరణం దస్తరాన్ని మాత్రం ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అని ఆ గదిలో ఏనాడూ అడగలేదు. ఆ మాటే అందామనుకున్నా. మొదటి రెండు ప్రశ్నలకే నా నోరు ఎండిపోయింది. రాత పేపర్లలో ఫస్టుక్లాసు, వైవాలో పాసు మార్కుల మీద రెండు.

1948-49లో రాధాకృష్ణన్ కమిషన్, యూనివర్సిటీ చదువుల్లో ఒకే ఒక్క సంస్కరణ చెప్పమంటే పరీక్షల్నే మార్చమంటామంది. ఏడాది పొడుగునా చేసిన పనికి మూడో వంతు మార్కులు ఉంచమంది. మంచి మాటే. బట్టీ తగ్గుద్ది. కానీ ఆ మూడో వంతు ఎవరి చేతిలో ఉంటది? 2007లో ఎయిమ్స్ మీద థోరట్ కమిటీ ఇచ్చిన రిపోర్టు చూడండి. ప్రాక్టికల్స్‌లో, వైవాల్లో అన్యాయం జరుగుతోందని ఎస్సీ, ఎస్టీ పిల్లలు మొరపెట్టుకున్నది అందులో ఉంది.

బొంబాయి బడిలో సంస్కృతం చదవనియ్యక పర్షియన్ తీసుకున్న అంబేద్కర్, 1916 మే 9న కొలంబియాలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో కులం పుట్టుక మీద పేపరు చదివాడు. అప్పటికి 25 ఏళ్లు. తన ఒంటి మీద పడ్డ దెబ్బనే ప్రశ్న చేసుకుని పరిశోధించాడు. మన యూనివర్సిటీల్లో ఎంతమందికి ఆ వీలుంది?

నా సంగతీ చెప్పాలి. పోయినేడు ఏడో తరగతి ఫార్మేటివ్ పేపర్లు దిద్దుతున్నా. పాకాల చెరువు ఎవరు తవ్వించారు? గణపతిదేవుడి కాలం అని రాస్తే మార్కు. ఒక వడ్డెర పిల్ల "మావోళ్లు తవ్వారు" అని రాసింది. ఎర్రసిరాతో కొట్టేశాను. పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"రాజు పలుగు పట్టాడా సార్?"

ఆధారమేదమ్మా అనబోయాను. నోటిదాకా వచ్చింది. పేపరు తీసుకుని మార్కు దిద్ది, "రేపు మీ తాతని బడికి తీసుకురా, పిల్లలకి చెరువు పని ఎట్లా చేస్తారో చెబుతాడు" అన్నా.

"రేపు పని ఉంది సార్. ఆదివారమైతే వస్తాడు" అంది.