పొరుగింటి చేపలు

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దలు. ఈ సామెత కూరకే కాదు, కూరలో వేసే చేపకీ వర్తిస్తుందంటే నమ్ముతారా? శాకాహారులు అప్పుడే పేజీ తిప్పేయకండి. ఇది వంటల శీర్షిక కాదు, చెరువుల చరిత్ర.

వరంగల్లులో ఏ ఆదివారం పొద్దున్నో చేపలమ్మే చోటికి వెళ్ళి చూడండి. బొచ్చె, రవ్వ, బంగారుతీగ ముందు వరసలో దర్జాగా పడుకుని ఉంటాయి. కొర్రమట్ట తొట్టిలో ప్రాణాలతో కదులుతూ, ధర అడిగినవాళ్ళ గుండె ఝల్లుమనిపిస్తూ ఉంటుంది. మన అమ్మమ్మలు చింతపులుసు పెట్టిన పరకలు, జెల్లలు, చందమామలు మాత్రం ఉంటే ఓ మూల చిన్న కుప్పగా ఉంటాయి, లేకపోతే లేదు. ఈ ముందు వరసవాళ్ళు ఎక్కడివాళ్ళు? ఆ మూలనున్నవాళ్ళు మూలకు ఎందుకు వెళ్ళారు?

కథ మొదటినుంచీ చెప్పుకోవాలంటే కాకతీయుల దగ్గరికి వెళ్ళాలి. సంతానం లేనివాడికి చెరువే సంతానం అని నమ్మిన కాలం అది. సప్తసంతానాల్లో చెరువు ఒకటి కదా. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడు, పక్కనే చెరువూ తవ్వించాడు. జగదాల ముమ్మడి పాకాల చెరువు కట్టించాడు. లక్నవరం, ఘనపురం సరేసరి. ఈ చెరువుల గొప్పతనం ఇంకొకటుంది. పాకాల నీళ్ళు మున్నేరు మీదుగా కృష్ణలో కలుస్తాయి. రామప్ప, లక్నవరం నీళ్ళు గోదావరి దారి పడతాయి. అంటే ఓరుగల్లు సీమ చెరువులు రెండు మహానదులకు పుట్టిళ్ళన్నమాట. వానాకాలం మత్తడి దూకితే చెరువులోని చేప వాగులోకి, వాగులోంచి నదిలోకి పోతుంది. నదిలోని చేప నీటికి ఎదురెక్కి పైకి వస్తుంది. ఈ రాకపోకల సంగతి గుర్తుంచుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

చేపల గురించి మనవాళ్ళకు తెలియదనుకుంటే పొరపాటు. తొలి కాకతీయులు ఎవరికి సామంతులుగా ఉన్నారో ఆ కల్యాణి చాళుక్యుల రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం రాశాడు. అందులో రాజుగారి వినోదాలలో చేపలు పట్టడం ఒకటి. ఏ చేప ఎలాంటిది, దేనికి ఏ ఎర ఇష్టం అని రాజుగారే కూర్చుని వివరించారు! మన ఇళ్ళలో పిల్లలకు తిండి పెట్టేటప్పుడు కూడా అంత పరిశీలన ఉండదేమో.

ఇక కొత్తవాళ్ళు వచ్చిన వైనం. బొచ్చె, రవ్వ, మృగాల ప్రధానంగా గంగా, బ్రహ్మపుత్రల వంటి ఉత్తరాది నదుల సంతతి. వీటికో పట్టింపు ఉంది. పారే నదిలో తప్ప నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. అందుకని ఒకప్పుడు వానాకాలంలో నదుల్లో పిల్లల్ని ఏరి తెచ్చి పెంచాల్సి వచ్చేది. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి వీటిచేత గుడ్లు పెట్టించాడు. నేటికీ ఆ తేదీన జాతీయ మత్స్య రైతుల దినోత్సవం జరుపుతారు. అప్పటినుంచి పిల్లల కొరత తీరింది. చెరువుకో సొసైటీ, సొసైటీకో చేపల గంప. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా చేపపిల్లల్ని చెరువుల్లో వదలడం మొదలుపెట్టింది. ముదిరాజుల, గంగపుత్రుల ఇళ్ళలో దీనివల్ల నాలుగు రాళ్ళు వచ్చిన మాట నిజం. ఆ మాట కాదనకూడదు.

వీళ్ళను పక్క ఊరినుంచి వచ్చిన కోడళ్ళనుకుందాం. సముద్రాలు దాటి వచ్చినవాళ్ళు వేరే ఉన్నారు. దోమలను తింటుందని గంబూసియాను 1928లో దేశానికి తెచ్చారు. అది దోమపిల్లల్నే కాదు, చేపల గుడ్లనూ, పిల్లల్నీ వదలదు. 1952లో తిలాపియా వచ్చింది. తల్లి తిలాపియా గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. ఎంత ముద్దొచ్చే సంగతి! కాని రెండు మూడు నెలలకే ఈడేరి పిల్లల మీద పిల్లలు పెడుతుంది. చెరువంతా దాని సంసారమే. దీని తీరు చూసి 1959 నాటికే దేశంలో దాని పెంపకాన్ని కట్టడి చేశారు. అప్పటికే గూట్లోంచి పక్షి ఎగిరిపోయింది.

బంగారుతీగ పేరు ఎంత అందంగా ఉందో చూశారా! 1939లో ఒక రకం నీలగిరులకు వచ్చింది, 1957లో బాంకాక్ నుంచి ఇంకో రకం కటక్ చేరింది. ఇది నిలవ నీటిలోనే గుడ్లు పెట్టగలదు. అడుగు బురదను పందిలా కుళ్ళగించి తిండి వెతుక్కుంటుంది. నీళ్ళు మడ్డి అవుతాయి, నాచూ తీగలూ ఊడిపోతాయి. మన చిన్న చేపలు గుడ్లు పెట్టుకునే పురిటిగది ఆ తీగల మధ్యే కదా!

ఇక 1990ల ప్రాంతంలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఎవరి అనుమతీ లేకుండా దొంగదారిన దిగింది. దొరికినదల్లా మింగుతుంది, గాలి పీల్చి బతుకుతుంది, మన మార్పు చేపతో కలిసి సంకరం పుట్టిస్తుంది. కేంద్రప్రభుత్వం 2000లో నిషేధించింది. అయినా రహస్యపు గుంటల్లో దొరికిందన్న వార్త అప్పుడప్పుడూ పత్రికల్లో చూస్తూనే ఉన్నాం.

ఇప్పుడు మత్తడి సంగతి గుర్తు చేసుకోండి. చెరువులో వదిలింది చెరువులోనే ఉండదు. గట్టి వాన కురిస్తే గోదావరి దాకా పోతుంది. హిమాచల్‌లో భాక్రా ఆనకట్ట వెనకున్న గోవింద్‌సాగర్‌లోకి 1971లో వెండిచేప అనుకోకుండా జారిపడింది. కొన్నేళ్ళకే వలల నిండా అదే. అక్కడున్న బొచ్చె సన్నగిల్లిపోయింది. చూశారా, మన ఊరికి కోడలుగా వచ్చిన బొచ్చెకే అక్కడ సవతిపోరు తప్పలేదు!

అన్నిటికన్నా ఆలోచింపజేసే కథ ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సుది. 1950లలో అందులో నైలు పెర్చ్ అనే భారీ చేపను వదిలారు. వందల రకాల చిన్న చేపలు కనుమరుగయ్యాయి, లేదా ఆ అంచుకు చేరాయి. ఆ చిన్న చేపల్ని ఒడ్డున ఆడవాళ్ళు ఎండబెట్టి అమ్ముకునేవారు. పెర్చ్‌కు కొవ్వు ఎక్కువ, ఎండదు, పొగబెట్టాలి. పొగకు కట్టెలు కావాలి, కట్టెలకు అడవి పోయింది. పెద్ద చేప ఫ్యాక్టరీలకు, విదేశాలకు వెళ్ళింది. డబ్బు లెక్కల్లో దేశానికి లాభమే. గంప మోసే ఆడదానికి మాత్రం గంప ఖాళీ అయింది.

మన దగ్గర అంత జరిగిందని అనను. మన చిన్న చేపలు తగ్గడానికి ఆనకట్టలూ, పురుగుమందులూ, పూడిన చెరువులూ కూడా కారణమే. నేరమంతా చుట్టాల మీద వెయ్యడం న్యాయం కాదు. కాని ఒక మాట వింటే మీకూ చివుక్కుమంటుంది. చేపపిల్లల్ని పెంచే చెరువుల్లో పిల్లలు వదిలేముందు ఇప్పపిండి చల్లుతారు. అందులోని విషానికి అక్కడున్న చేపలన్నీ తేలిపోతాయి. అలా చంపే మన పరకలకూ చందమామలకూ పుస్తకాల్లో పెట్టిన పేరు ‘కలుపు చేపలు’! కొర్రమట్టదీ వాలుగదీ ఇంకో జాబితా: వేటాడి తినే చేపలు. పుట్టినింట్లోనే కలుపు అనిపించుకోవడం ఎలాంటిదో ఆడవాళ్ళకు వేరే చెప్పాలా?

ఆ ‘కలుపు’ విలువ చూడండి. చిన్న చేపను తలా ముల్లుతో సహా తింటాం కనుక ఒంటికి కాల్షియం అందుతుంది. కొన్ని రకాల్లో కంటిచూపుకు కావలసిన ఎ విటమిన్ పుష్కలం. పెద్ద చేప ముక్క ఇంటాయన కంచంలోకి వెళ్ళినా, పరకల పులుసు అందరికీ తలా కొంచెం వస్తుంది. గర్భిణికీ, పాలు తాగించే తల్లికీ, ఎదిగే పిల్లకూ. పేదింటి పోషణ పోయేది ఇలాంటి చోటే, చప్పుడు లేకుండా.

కొర్రమట్టను తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం. తల్లీ తండ్రీ ఇద్దరూ పిల్లల గుంపు చుట్టూ కాపలా తిరిగే చేప అది. ఎండిన చెరువు బురదలో కూడా ప్రాణం నిలుపుకుని వానకోసం ఎదురుచూస్తుంది. బిరుదు ఇచ్చి ఊరుకుంటే చాలదు. చెరువులో ఒక మూల తీగలూ తుంగా వదిలెయ్యాలి. బొచ్చె పిల్లలతోపాటు కొర్రమట్ట పిల్లలకూ చోటివ్వాలి. మత్తడి దూకేవేళ ఎదురెక్కే తల్లి చేపలను సన్నకన్ను వలలతో ఊడ్చెయ్యకూడదు. ఇంట్లో అద్దాల తొట్టిలో పెంచిన చేప పెద్దదైపోయిందని, పుణ్యమనుకుని భద్రకాళి చెరువులో వదలకూడదు.

ఇక మన వంతు. ఈసారి బజారుకు వెళ్ళినప్పుడు ముందు వరస దాటి ఆ మూల కుప్ప దగ్గర ఆగండి. పేరు అడగండి. బాగుచెయ్యడానికి ఓ గంట పడుతుంది, విసుగే. కాని మీరు అడిగితేనే అది గంపలోకి వస్తుంది, గంపలోకి వస్తేనే దాన్ని చెరువులో ఉంచాలని ఎవరికైనా తోస్తుంది. పొరుగింటి పుల్లకూర రుచే, కాదనం. ఇంటి పొయ్యి ఆరకుండా చూసుకోవడం మాత్రం మన పనే.