అరకు కొండలలో ఆకాశవాణి దినచర్య

విశాఖపట్నమునుండి అరకులోయకు రోడ్డు మార్గమున సుమారు 115 కిలోమీటర్లు. సముద్రతీరమున బయలుదేరిన దారి అనంతగిరి కొండలమీదుగా 900 మీటర్లకు పైబడిన ఎత్తునకు చేరును. వార్తాపత్రిక ఈ దారి ఎక్కవలెనన్న బండి కావలెను; దానిని చదువుటకు అక్షరజ్ఞానము కావలెను. రేడియో మాటకు ఈ రెండును అక్కరలేదు. అయినను ఆ మాట కొండజనమునకు చేరుటకు రెండు అడ్డంకులు కలవు. ఒకటి కొండ, రెండవది భాష.

1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రము తమిళముతోపాటు తెలుగు కార్యక్రమములను కూడ ప్రసారము చేసెడిది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము, 1963 ఆగస్టు 4న విశాఖపట్నము కేంద్రము వెలసినవి. అయితే కేంద్రముండిన చాలదు, వినుటకు సెట్టు కూడ ఉండవలెను. వాల్వుల సెట్టునకు కరెంటో, బరువైన బ్యాటరీలో కావలెను. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు రూపొందిన ట్రాన్సిస్టరు ఈ చిక్కును తీర్చినది. రెండు మూడు చిన్న బ్యాటరీలతో పలుకు సెట్లు వచ్చినవి. జనులు రేడియోనే ‘ట్రాన్సిస్టరు’ అని పిలువసాగిరి.

ఆకాశవాణి తన దినమును మూడు ప్రసారములుగా విభజించుకొన్నది. తెల్లవారుజామున వాల్టర్ కౌఫ్‌మన్ కూర్చినదని ప్రసిద్ధి చెందిన సంకేత సంగీతము, వందేమాతరము, భక్తిగీతములు, అటుపిమ్మట వార్తలు. విజయవాడ కేంద్రపు ‘భక్తిరంజని’తో ఎన్నో ఇండ్లలో ప్రొద్దు పొడిచెడిది. మధ్యాహ్నము స్త్రీల కార్యక్రమము. సాయంకాలము రైతులకు సలహాలు, వాతావరణ సూచన. రాత్రి ప్రసంగము, నాటకము, మరల వార్తలు. పిల్లలకు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’ అయిరి. ఒక్క పంచాయతీ రేడియో చుట్టును ఊరంతయు చేరి, ఒకే దినమున పాటను, పంటను, ప్రపంచమును వినగలిగెను.

ఇక మొదటి అడ్డంకిని చూతము. విశాఖ కేంద్రము చాలకాలము ఉపయోగించిన మధ్యమ తరంగపు పౌనఃపున్యము 927 కిలోహెర్ట్జ్. కాంతివేగమును దీనిచే భాగించినచో తరంగము పొడవు సుమారు 324 మీటర్లని తేలును. ఇంత పొడవైన తరంగము నేలను అంటిపెట్టుకొని ప్రాకును. కొండ ఎదురైనచో దాని మీదుగా కొంత వంగి ఆవలి లోయలోనికి దిగును. ఎఫ్.ఎం. తరంగము పొడవు సుమారు 3 మీటర్లు మాత్రమే. దానికి కొండ గోడవంటిది. గోడ వెనుక నీడ పడినట్లు కొండ వెనుక మాట సన్నగిల్లును.

పగటికిని రాత్రికిని కూడ భేదము కలదు. పగటిపూట సూర్యకిరణముల వలన 60 మొదలు 90 కిలోమీటర్ల ఎత్తున ఏర్పడు అయనావరణపు క్రింది పొర, పైకి పోయిన మధ్యమ తరంగములను పీల్చివేయును. కావున పగలు నేలవెంట వచ్చినదే వినబడును. రాత్రి ఆ పొర దాదాపు మాయమగును. అప్పుడు తరంగములు పైపొరలను తాకి, వందల కిలోమీటర్ల దూరమున నేలకు దిగును. దూరపు కేంద్రములు పలుకుట, ఒకదానిలో మరియొకటి కలియుట, మాట పెరుగుచు తరుగుచు వినవచ్చుట ఇందువలననే.

రెండవ అడ్డంకికి ఇట్టి లెక్క లేదు. ఈ మన్యమున ఖోండుల కువి, కొండదొరల కూబి, గదబ, పోర్జ భాషలు కలవు. వేర్వేరు తెగలవారు సంతలో కలిసినప్పుడు ఆదివాసీ ఒడియా అక్కరకు వచ్చును. కూబి భాషపై భద్రిరాజు కృష్ణమూర్తిగారి గ్రంథము 1969లో వెలువడినది; అనగా విశాఖ కేంద్రము పలుకసాగిన ఆరేండ్లకు. కాలువనీటి నారుమడిని గూర్చి తెలుగులో చెప్పిన సలహా, పోడుకొండపై చోళ్ళు, సామలు, వలిసెలు చల్లువానికి ఎంత ఉపకరించును? జ్వరమును గూర్చిన డాక్టరుగారి హెచ్చరిక పిల్లలతల్లికి సగమే అర్థమైనచో ఫలమేమి?

1964లో సరిహద్దునకు ఆవల కోరాపుట్ జిల్లా జయపురమున ఆకాశవాణి కేంద్రము ఏర్పడినది. ఒడియా తెలిసిన కొండవారికి ఆ మాట మరికొంత దగ్గర. ఆకాశవాణి తన లెక్క ప్రకారము 23 భాషలలోను, 179 మాండలికములలోను ప్రసారములు చేయుచున్నది. ఇది గొప్ప సంఖ్యయే. అయినను ప్రతి కొండభాషకును దినములో ఎంత సేపు దక్కుచున్నదనునదే అసలు ప్రశ్న.

ఇది వినోదమునకు మాత్రమే సంబంధించినది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖవద్ద తీరము దాటినప్పుడు కరెంటు పోయినది, సెల్‌ఫోనులు మూగబోయినవి. అట్టి సమయమున బ్యాటరీ రేడియోకు ఊరి కరెంటుతో పనిలేదు. ఎక్కడినుండియైనను తరంగము అందిన చాలును. అందిన తరంగములో వినువాని భాష ఉన్నప్పుడే అది హెచ్చరిక యగును. లేనిచో ఉత్త చప్పుడే.