లోబోక్

ఫిలిప్పీన్స్‌లోని బొహోల్ ద్వీపం దక్షిణ భాగంలో, ప్రావిన్సు రాజధాని తగ్‌బిలరాన్‌కు తూర్పున సుమారు 24 కిలోమీటర్ల దూరంలో, లోబోక్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. పచ్చని కొండల నడుమ, కొబ్బరి, నిపా తాటి తోపుల పక్కగా పారే ఈ నది లోయాయ్ వద్ద బొహోల్ సముద్రంలో కలుస్తుంది. ఎగువన తొంతొనాన్ జలపాతం వద్ద చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. స్థానిక భాష సెబువానో.

జెసూట్ మిషనరీలు 1596లో బొహోల్‌కు వచ్చారు. తీరంపై సముద్రపు దొంగల బెడద ఎక్కువ కావడంతో లోపలనున్న లోబోక్‌ను తమ ప్రధాన స్థావరంగా చేసుకున్నారు. 1768లో వారిని బహిష్కరించాక రీకొలెట్ సన్యాసులు వచ్చారు. పగడపు రాళ్లతో కట్టిన సెయింట్ పీటర్ చర్చి ఊరికి ఆయువుపట్టు. 2013 అక్టోబరు 15న వచ్చిన 7.2 తీవ్రత గల భూకంపంలో అది చాలా భాగం కూలింది. పునర్నిర్మించి 2021లో తెరిచారు. అదే ఏడాది డిసెంబరులో రాయ్ తుపాను నదిని ఊళ్లోకి తెచ్చింది. ఒడ్డునే కట్టుకున్న ఊరికి వరద కొత్తేమీ కాదు, 1876లోనూ ముంచెత్తింది.

చర్చి పక్కన నదిపై సగంలో ఆగిన కాంక్రీటు వంతెన ఒకటుంది. పూర్తయితే చారిత్రక కట్టడాలకు ముప్పని అభ్యంతరాలు రావడంతో పని నిలిపేశారు, మంచి నిర్ణయమే. నేడు తేలియాడే భోజనశాలలకు, 1980లో మొదలైన బాలల గాయక బృందానికి లోబోక్ పేరుపొందింది.