వెన్న నాగార్జునగారి ‘పద్మ’

యానాము పరిసరమున, గౌతమీతీరమందు, దరియాలతిప్ప యను గ్రామము కలదు. ‘దరియా’ పారసీకపదము, నదికిని సముద్రమునకును వాచకము. ‘తిప్ప’ అచ్చతెనుగు. ఆ పేరే గ్రామస్థితిని చెప్పుచున్నది. పొరుగుననున్న కోరంగిరేవు 1839 సంవత్సరపు తుపానులో పాడయిన సంగతి చరిత్రప్రసిద్ధము. ఇట్టిచోట పాతకాగితము నిలుచుట కష్టము. ఈ ప్రాంతచరిత్ర వ్రాయబూనినవారికి ఆ కష్టము తెలియును.

కాగితమునకు నీటిభయమున్నది గదా, కంప్యూటరులో దాచినది నిలుచునని నేను నమ్మితిని. 2006 ఆగస్టులో గోదావరికి పెద్దవరద వచ్చినప్పుడు, ఈ లంకలను తిప్పలను గూర్చి ఒక దినపత్రిక వెబ్‌సైటులో వచ్చిన వార్తలను భద్రపరచుకొంటిని. కొంతకాలమునకు తెరచి చూడగా అందు తెలుగక్షర మొక్కటియు లేదు. రోమను అక్షరములు, నాణెముల గుర్తులు, ఐరోపాభాషల చుక్కలు గీతలు కలగాపులగముగా కనబడినవి. దరియాలతిప్ప యను పేరు వెదకినను దొరకలేదు. తుపాను చేయవలసిన పని తుపాను లేకయే జరిగినది. ఆ వార్తలను మరల చదువనిచ్చినది ‘పద్మ’ యను చిన్న ఉపకరణము. దాని కర్తయగు శ్రీ వెన్న నాగార్జునగారి కృషి ఈ వ్యాసమునకు విషయము.

మొదట ఒక మాట. వారి వంశజన్మాదులను నేనిచట ప్రస్తావింపను. జీవించియున్నవారి గృహవిషయములు చరిత్రకారుని సొత్తు కావు. మరియు మూలసంకేతమును బహిరంగముగా నుంచి, ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చునని వదలిపెట్టు ఇంజనీరునకు ఆ సంకేతమే జీవితచరిత్ర. శాసనమును బట్టి దాతను ఊహించుట మనకు అలవాటే. ఇక్కడ ఊహకంటె స్పష్టమైన ఆధారమున్నది. పంక్తి పంక్తికి కర్త చేయి కనబడుచుండును.

ఆ కాలమున తెలుగునకు వచ్చిన ఇక్కట్టు ఎట్టిది? యూనికోడు తొలికూర్పు 1991లో వెలువడినప్పుడే అందు తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ప్రతి అక్షరమునకును ప్రపంచమంతట నొకే సంఖ్య యుండుట దాని సూత్రము. కాని సూత్రముండుట వేరు, వాడుక వేరు. సామాన్యుల కంప్యూటర్లలో తెలుగు యూనికోడు సరిగా కనబడుట 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చిన తరువాతనే విరివి అయినది. దానితో వచ్చిన తెలుగుఖతికి ‘గౌతమి’ యని పేరు. మా నదిపేరని మేము మురిసితిమి. కాని ఆ ఖతిని సవరించు అధికారము మాకు లేదు. ఈలోగా పత్రికలు ఊరకుండగలవా? ఈనాడు, వార్త మున్నగునవి తమ తమ ఖతులతో వెబ్బునకెక్కినవి. రోమను అక్షరములకు ఏర్పడిన స్థానములలో తెలుగు అచ్చుముక్కలను కూర్చినవి. ఒక ఖతిలో తలకట్టున్న చోట మరియొక ఖతిలో కొమ్ముండును. ఆ ఖతి యున్నంతవరకు తెలుగు, లేనిచో పిచ్చివ్రాత. పత్రికలవారిని తప్పుపట్టను. వారు ఆనాటికి చేయదగినది చేసిరి. ఐనను దాని ఫలితముగా కొన్నేండ్ల తెలుగువార్తావాఙ్మయము తాళము వేసిన పెట్టెలలో పడినది, తాళపుచెవులు పెట్టెకొకటి.

నాగార్జునగారు ఈ తాళపుచెవులను కూర్చిరి. 2005 ప్రాంతమున వెలువడిన పద్మ ఫైర్‌ఫాక్సు బ్రౌజరునకు పొడగింత. జావాస్క్రిప్టులో వ్రాయబడినది. పుట తెరచినంతనే అది యే ఖతిలో నున్నదో గుర్తించి, దానిని యూనికోడులోనికి మార్చి చూపును. విన్నవారికి ఇది సంఖ్యలపట్టికను తారుమారు చేయు పనియే కదా యనిపించును. కాదు. ‘స్త్రీ’ యనుట మనకొక అక్షరము. యూనికోడులో ఆరు సంకేతములు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘము. అచ్చుఖతిలోనో, అది కంటికి కనబడు ముక్కల వరుస. గుడిదీర్ఘముతో కలిసిన సకార మొక ముక్క కావచ్చును, తకారపు ఒత్తు మరియొకటి, క్రావడి ఇంకొకటి. క్రావడి హల్లునకు ఎడమవైపున మొదలగును గనుక కొన్ని ఖతులలో హల్లుకంటె ముందే వచ్చి కూర్చుండును. అనగా కన్ను చూచిన వరుసను నోరు పలుకు వరుసగా మార్చవలయును. అక్షరము ఎచట ముగిసినదో తెలిసినగాని మొదటి ముక్కను వ్రాయుటకు వీలులేదు. ప్రతి ఖతికిని ఒక పట్టిక, అన్నింటికిని ఉమ్మడిగా అక్షరనిర్మాణము తెలిసిన ఒక యంత్రాంగము, ఇది పద్మ నిర్మాణరీతి. ఇది లిపిశాస్త్రపు పని. తెలుగు వర్ణక్రమము తెలియని ఇంజనీరునకు గాని, ఇంజనీరింగు తెలియని పండితునకు గాని సాధ్యము కాదు. ఉమ్మడి యంత్రాంగము వేరుగా నుండుటచేతనే అది తరువాత తమిళము, మలయాళము మొదలగు ఇతర భారతీయ లిపులకును విస్తరించినది.

పద్మ రోమను లిప్యంతరీకరణమునుగూడ తెలుగు చేయును. 1990ల తొలినాళ్లలో హ్యూస్టనులోని రైసు విశ్వవిద్యాలయమందు శ్రీ కన్నెగంటి రామారావు, శ్రీ ఆనందకిశోరు గార్లు ఏర్పరచిన ‘ఆర్టీఎస్’ పద్ధతి అందులో చేరినది. ఈ చేరిక మొదట చిన్నదిగా తోచును. దాని ఫలము ముందు చెప్పెదను.

అంతకుముందే నాగార్జునగారు మరియొక కార్యమునకు ఆద్యులైరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా వారి చొరవచే ప్రారంభమైనది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును పూర్తిచేయకయే 1923లో కీర్తిశేషులైరి. ఆ తెలుగు కోరిక మరల తలయెత్తినదనుట అతిశయోక్తి కాదని నా యభిప్రాయము. ఐతే ప్రారంభమైన తరువాత కొంతకాలము అందు వ్రాయువారు స్వల్పము. కారణము తెలిసినదే: తెలుగు చదువవచ్చును గాని టైపు చేయుట ఎట్లో జనమునకు తెలియదు.

ఇక్కడనే బహిరంగసంకేతపు మహిమ కనబడును. పద్మను నాగార్జునగారు గ్నూ సార్వజనిక అనుమతిపత్రము క్రింద విడుదల చేసిరి. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ తొలిసారి వెలువరించిన ఆ పత్రము ప్రకారము ఎవరైనను సంకేతమును తీసికొని మార్చుకొనవచ్చును. పంచునప్పుడు మాత్రము అదే స్వేచ్ఛను ఇతరులకు ఈయవలయును. వీవెన్ గారు 2006లో పద్మలోని ఆర్టీఎస్ భాగమును ఆధారము చేసికొని ‘లేఖిని’ని నిర్మించిరి. ఏదియు స్థాపించుకొన నవసరము లేకుండ, పుట తెరచి పైపెట్టెలో రోమనులో వ్రాసిన క్రిందిపెట్టెలో తెలుగు వచ్చును. ఆ తరమున తెలుగు టైపు నేర్చినవారిలో పలువురు లేఖినిలోనే ఓనమాలు దిద్దిరి. వారిలో వికీపీడియాకు వ్యాసములిచ్చినవారును ఉన్నారు. హ్యూస్టను విద్యార్థుల పద్ధతి పద్మ ద్వారా లేఖినికి వచ్చుటకు ఎవరును ఎవరికిని పైకము చెల్లింపలేదు.

పద్మకు ముదిమి వచ్చినది. ఈనాడు మొదలగు పత్రికలు క్రమముగా యూనికోడునకు మారినవి. వైద్యము ఫలించిన తరువాత మందుసీసాను తలచువారు అరుదు. 2017 నవంబరులో వెలువడిన ఫైర్‌ఫాక్సు 57వ కూర్పు పాతపద్ధతి పొడగింతలను అనుమతించుట మానినది. పద్మ ఆ పాతపద్ధతిలో వ్రాసినదే. సొంతసంకేతముగా దాచియుంచినచో ఆనాటితో దాని కథ ముగిసియుండెడిది. కాని పట్టికలు బహిరంగముగా నుండుటచే, ఏ ఖతిలో ఏ స్థానమున ఏ ముక్క యున్నదో నేటికిని చదువవచ్చును. పాతపుటలను మార్చదలచినవాడు వానిని వేరొక భాషలో తిరిగి వ్రాసికొనవచ్చును.

నా వరదవార్తలను నేను 2006లోనే, పద్మ పనిచేయుచుండగా, యూనికోడులోనికి మార్చుకొంటిని. ఇప్పుడు దరియాలతిప్ప యని వెదకిన ఆ పేరు దొరకుచున్నది. ఆనాటి పత్రికాపుటలను పాతఖతులలోనే దాచుకొనినవారు మన సంఘసభ్యులలో ఇంకను కొందరుందురు. ఆ ఖతులును నశింపకముందే వారు తమ పెట్టెలు తెరచి చూచుట మంచిది.