వంకాయయు దాని చుట్టములును: పథ్యమునకు గల చరిత్ర



మన కోనసీమలో వంకాయ లేని విందు లేదు. అయినను బాలింతకును, గజ్జి తామర గలవానికిని, కీళ్లనొప్పులవానికిని వంకాయ పెట్టరాదని మన యింటి ముసలమ్మలు తరతరములుగా చెప్పుచునే యున్నారు. ఒకే ఇంటిలో ఇంత ప్రీతియు ఇంత భయమును ఎట్లు కలిసి యుండెను? ఆ భయమునకు ఆధార మెంత? కాట్రేనికోనలో పిల్లలకు చదువు చెప్పి విశ్రాంతి గొన్నవాడనగుటచే, నాకు తెలిసినంతవరకు ఈ విషయమును చరిత్రమార్గమున విచారించి మీకు మనవి చేసెదను.

వృక్షశాస్త్రజ్ఞులు వంగను సొలనేసీ యను కుటుంబమున చేర్చిరి. మిరప, టమాటా, బంగాళాదుంప, పొగాకు, ఉమ్మెత్త, కామంచి, వాకుడు, పెన్నేరు, ఇవి యన్నియు ఆ కుటుంబములోనివే. ఆ శాస్త్రము మనకు రాకమునుపే మనవారు ఈ చుట్టరికమును కొంత గుర్తించి యుండిరి. వాకుటి జాతి ముండ్లచెట్ల కాయకు ములక యని పేరు గలదు. టమాటా దేశాంతరమునుండి రాగా దానికి రామములక యని పేరిడిరి. చూచినంతనే ఇది మన ములకకు బంధువని వారికి తోచినది కాబోలు.

ఈ కుటుంబమువారిలో కొందరు మన దేశపు పాతకాపులు, కొందరు తరువాత వచ్చినవారు. వంగ మన దేశమున అతిప్రాచీనము. వార్తాకమను పేర వైద్యగ్రంథములలో కనబడును. దశమూలములలో చేరిన బృహతియు కంటకారియు ఈ కులమువే. కంటకారియే మన నేలవాకుడు. కామంచికి సంస్కృతమున కాకమాచి యని పేరు. దాని ఆకు కూరగా వండుకొందురు, మందుగాను వాడుదురు. అట్టి కాకమాచిని తేనెతో కలిపి తినరాదని చరకసంహిత విరుద్ధాహారములను చెప్పుచోట నిషేధించినది. ఇక ఉమ్మెత్త సంగతి దాని పేరే చెప్పుచున్నది. ఉన్మత్త శబ్దమే మన నోట ఉమ్మెత్త యైనది. దాని గింజ తినినవాడు నోరెండి, చూపు చెదరి, లేనివానిని చూచి మాటలాడును. అందుచే ఈ కులమున మందును, కూరయు, విషమును ఒక్కచోటనే యున్నవని మన పూర్వులకు చక్కగా తెలియును.

తరువాత వచ్చినవారి కథ వేరు. 1492లో కొలంబసు అమెరికా దీవులను చేరెను; 1498లో వాస్కోడగామా కోజికోడు రేవును చేరెను. ఆ పిమ్మట పోర్చుగీసువారి ఓడలమీద మిరపయు పొగాకును మన దేశమునకు వచ్చినవి. బంగాళాదుంపయు టమాటాయు ఆ ఖండమునుండి వచ్చినవే. అంతకు పూర్వము మన కూరలకు కారము మిరియమువలననే. మిరప పేరును మిరియమును బట్టి వచ్చినదే. మన రాజమహేంద్రవరమున రెడ్డిరాజుల కొలువున నున్న శ్రీనాథుడు మిరపకాయ రుచి యెరుగడు! నేటికిని పితృకార్యపు వంటలో మిరపకాయకు బదులు మిరియము వాడు ఇండ్లు కలవు. బాలింతకు పెట్టు కారమును మిరియపు కారమే. క్రొత్తగా వచ్చినదానిని బలవంతునిచేత ముందు తినిపించి, బలహీనుని దానినుండి కాపాడుట పథ్యములోని రహస్యమని నాకు తోచుచున్నది.

పాశ్చాత్యులును ఈ కులమును చూచి భయపడినవారే. బెల్లడోనా యను విషపుమొక్కకు బంధువగుటచే టమాటాను ఐరోపాలో పెక్కుచోట్ల చిరకాలము అందమునకే పెంచిరి గాని నోట పెట్టలేదు. 1820లో దెఫోసు అను ఫ్రెంచి ఔషధకారుడు కామంచిజాతి పండ్లనుండి సోలనీను అను విషమును వేరుచేసెను. పచ్చబడినదియు మొలకెత్తినదియు నగు బంగాళాదుంపలో ఈ విషము పెరుగును. నరములు ఒకదానికొకటి వార్త పంపుకొనుటకు ఒక ద్రవ్యము గలదు. పని తీరిన పిమ్మట దానిని విరిచివేయు ఎంజైమును ఈ విషము అడ్డగించును. అందుచే వాంతి, విరేచనము మాత్రమే గాక మత్తు, కలవరము, భ్రాంతి కూడ కలుగవచ్చును. ఇంగ్లండులో నొక పాఠశాలయందు బంగాళాదుంపలు తిని 78 మంది బాలురు జబ్బుపడిరనియు, వారిలో 17 మందిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చెననియు 1979లో వైద్యపత్రికలో వెలువడినది. ఉడికించినంతమాత్రమున ఈ విషము పోదు. కనుక మన చెమ్మగల ఇండ్లలో నిలువయుండి పచ్చబడిన దుంపను, చేదు తగిలిన దుంపను పారవేయుడు.

అయితే మంచి వంకాయ, మంచి టమాటా తినినవారికి కలుగు బాధ యేమి? దీనికి మన పొరుగునుండియే సాక్ష్యము గలదు. మైసూరులో 741 మందిని విచారించిన వైద్యశాస్త్రజ్ఞుల వ్యాసము 2008లో ప్రకటింపబడెను. నూటికి తొమ్మండుగురు వంకాయ తమకు పడదని చెప్పిరి. పరీక్షింపగా నిజమైన అలర్జీ నూటికి ఒక్కరికంటె తక్కువమందియందే కనబడెను. తక్కినవారిలో పెక్కుమంది బాధకు వంకాయలో సహజముగా నుండు హిస్టమిన్ వంటి ద్రవ్యములే కారణమని వారు తలచిరి. బాధపడువారిలో స్త్రీలే యెక్కువ. కాబట్టి "వంకాయ తినిన నోరు దురద" అన్న కోడలిని "నీకు తినుట ఇష్టములేదు" అని అత్తగారు గద్దించుట న్యాయము కాదు. ఆ దురద నిజమైనదే.

కీళ్లనొప్పుల మాట కొంత జాగ్రత్తగా చెప్పవలెను. అమెరికాలో నార్మన్ చైల్డర్సు అను ఉద్యానశాస్త్రాచార్యుడు ఈ కులపు శాకములే కీళ్లవ్యాధికి మూలమని ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ప్రచారము చేసెను. మానివేసి మేలు పొందితిమని చెప్పినవారు అనేకులు. అయినను ఇది అందరి విషయమున సత్యమని శాస్త్రము ఒప్పుకొనలేదు. మా ప్రాంతమున నా శిష్యుని తల్లి యొకతె కీళ్లవాతమునకు వైద్యుడిచ్చిన మందు మాని, వంకాయ బంగాళాదుంపలు మానుటయే చాలునని రెండేండ్లు గడపినది. ఆమె వ్రేళ్లు వంకరపోయినవి. పిమ్మట మందు మొదలుపెట్టగా నొప్పి తగ్గినది గాని వ్రేళ్లు చక్కబడలేదు. పథ్యము మందునకు తోడుండవలెను గాని మందు స్థానమును ఆక్రమింపరాదు.

మనస్సు సంగతియు ఇట్టిదే. ఉమ్మెత్తయు, పచ్చబడిన దుంపయు బుద్ధిని కలచుట నిజము. కాని మితముగా తినిన మంచి కూర దిగులు పుట్టించుననుటకు గట్టి నిదర్శనము లేదు. దురదవలనను కడుపుమంటవలనను నిద్రలేనివానికి చిరాకు పుట్టుట సహజము. కారము కొందరికి ఛాతీమంట హెచ్చించుటయు సత్యమే. మరియొక ప్రక్క, ప్రతి కూరను విషమని అనుమానించువాడు ఆ భయముచేతనే చిక్కిపోవును. ముసలివారు ఒక్కొక్కటిగా కూరలన్నియు మాని చారన్నముతో సరిపెట్టుకొనుట మన ఊళ్లలో చూచుచునే యున్నాము. దేహబలము తగ్గుటతో మనోబలమును తగ్గును.

కావున గ్రామపెద్దలైన మీకు నేను విన్నవించునది ఇది. అనుమానము గలవాడు వంకాయ, టమాటా, మిరప, బంగాళాదుంప నాల్గింటిని మూడు నాలుగు వారములు మానవలెను. కారమునకు మిరియము మనకు పాతచుట్టమే. పిమ్మట ఒక్కొక్కదానిని, నడుమ నాల్గైదు దినములు విడిచి, మరల తినుచు, కలిగిన మార్పును ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. బాధ పెట్టినదానిని మాత్రము విడిచి, తక్కినవానిని నిర్భయముగా భుజింపవలెను. పెదవులు వాచినను, ఊపిరి ఆడకున్నను అది పథ్యముతో పోవునది కాదు; అట్టివానిని తక్షణము వైద్యునొద్దకు కొనిపోవలెను. ఒకసారి అట్లయినవాడు ఇంటిలో ఈ పరీక్ష చేసికొనరాదు.

ఒకని నాలుకకు అమృతమైనది మరియొకని దేహమునకు పడకపోవచ్చును. పంక్తిలో కూర్చున్నవాడు "నాకు వంకాయ వలదు" అన్నచో, కారణ మడుగక, నవ్వక, వాని విస్తరిలో వేరొక కూర వడ్డింపుడు.