జంక్షనా? సీదా సఫరా?

మూడేళ్ల కిందట అమ్మీని డాలస్‌లో ఉన్న తమ్ముడి ఇంటికి తీసుకెళ్తూ దుబాయి ఎయిర్‌పోర్టులో ఆరు గంటలు ఇంతెజార్ చేశాం. వీల్‌చైర్‌లో కూర్చున్న అమ్మీ అద్దం అవతల నిలబడ్డ రెండంతస్తుల విమానాన్ని చాలాసేపు చూసింది. "ఇంత ఇమారత్ గాల్లోకి లేస్తుందా బేటా?" అంది ముందు. కాసేపాగి, "ఇంత పెద్దది కట్టినోళ్లకి, మనల్ని సీదా హైదరాబాద్ నుంచే తీస్కపోయేది కట్టడం రాలేదా?" అంది.

అమ్మీ యథాలాపంగా అడిగింది గానీ, సరిగ్గా ఆ సవాల్ మీదే ఎయిర్‌బస్, బోయింగ్ అనే రెండు కంపెనీలు వందల కోట్ల డాలర్లు పందెం కాశాయి. ఆ ముకాబలా కథ ఇది.

1970 జనవరిలో పాన్ ఆమ్ సంస్థ బోయింగ్ 747ను మొదటిసారి ప్రయాణికులతో నడిపింది. ఆ విమానం కోసం అమెరికా కంపెనీ బోయింగ్ తన సొంత ఉనికినే తాకట్టు పెట్టినంత పని చేసింది. పందెం నెగ్గింది. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆ సైజు విమానం కావాలంటే దునియా మొత్తానికి అదొక్కటే దుకాణం. అదే 1970లో ఫ్రాన్స్, జర్మనీల సాయంతో పుట్టిన ఎయిర్‌బస్ చిన్నవీ మధ్యరకంవీ కట్టుకుంటూ ఎదిగింది గానీ, పైమెట్టు మీద బోయింగే ఉండిపోయింది.

1993లో బోయింగ్, ఎయిర్‌బస్‌లోని భాగస్వామ్య కంపెనీలు కలిసి ఒక మహా విమానం కట్టొచ్చా అని పరిశీలించాయంటే నమ్మబుద్ధి కాదు. 1995లో ఆ దోస్తీ ముగిసింది. ఇద్దరి ముందూ ఉన్న హిసాబ్ ఒకటే: రాబోయే ఇరవై ఏళ్లలో ముసాఫిర్లు విపరీతంగా పెరుగుతారు. వాళ్లు ఎలా ప్రయాణిస్తారన్న దగ్గరే అందాజాలు విడిపోయాయి.

ఎయిర్‌బస్ వాదన ఇది. లండన్ హీత్రూ లాంటి ఎయిర్‌పోర్టులు నిండిపోయాయి, కొత్త రన్‌వేలు కట్టడం కుదరడం లేదు. కాబట్టి ఒక్కో విమానంలో ఎక్కువమందిని ఎక్కించాలి. చిన్న ఊళ్ల జనాన్ని పెద్ద జంక్షన్‌కి తెచ్చి, అక్కడి నుంచి పెద్ద విమానంలో ఇంకో జంక్షన్‌కి చేర్చాలి. మనం గుంతకల్లులోనో ఖాజీపేటలోనో బండి మారినట్టే. ఇలాంటి భారీ విమానాలు ఇరవై ఏళ్లలో వెయ్యికి పైగా అమ్ముడుపోతాయని దాని లెక్క.

బోయింగ్ నజర్ వేరే. బండి మారడం ఎవరికీ ఇష్టం ఉండదు, మంజిల్‌కి సీదా తీసుకెళ్లే విమానం ఉంటే జనం దానికే వెళ్తారు అంది. ఈ ధీమా ఇంజన్ల నుంచి వచ్చింది. పూర్వం రెండింజన్ల విమానం ఏదో ఒక ఎయిర్‌పోర్టుకు గంట దూరంలోనే ఎగరాలని ఖాయిదా. ఒక ఇంజన్ ఆగిపోతే దిగడానికి చోటుండాలి కదా. అందుకే సముద్రాలు దాటడం చాలావరకు మూడు, నాలుగు ఇంజన్ల విమానాల పనిగా ఉండేది. ఇంజన్ల మీద భరోసా పెరిగాక 1985లో ఆ హద్దును 120 నిమిషాలు చేశారు, తర్వాత 180కి పెంచారు. అట్లాంటిక్, పసిఫిక్ దారులు రెండింజన్ల విమానాలకు తెరుచుకున్నాయి. మరి నాలుగింజన్లకు నూనె ఎవరు పోస్తారు?

అయినా 2000 డిసెంబరులో ఎయిర్‌బస్ ఏ380 కట్టాలని ఫైసలా చేసింది. మామూలుగా 500కు పైగా సీట్లు. కిక్కిరిసి నింపితే 853 మంది దాకా అనుమతి. బోయింగ్ కూడా తిన్నగా వెళ్లలేదు. ముందు ధ్వనివేగానికి దగ్గరగా ఎగిరే విమానం కడతామంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత కష్టాల్లో పడ్డ విమాన సంస్థలు మాకు వేగం వద్దు, ఖర్చు తగ్గించండి అన్నాయి. దాంతో అది వదిలేసి, 2004లో జపాన్ సంస్థ ఏఎన్ఏ ఇచ్చిన 50 విమానాల ఆర్డర్‌తో 787 డ్రీమ్‌లైనర్ మొదలుపెట్టింది. సగం బరువు కార్బన్ నారతో చేసిన మిశ్రమ పదార్థమే. ఇంజన్లు రెండు.

కాగితం మీది హిసాబ్ ఒకటి, కార్ఖానా ఒకటి. ఏ380లో దాదాపు 530 కిలోమీటర్ల వైర్లు. జర్మనీలో హాంబర్గ్ ఇంజనీర్లు, ఫ్రాన్స్‌లో తులూజ్ ఇంజనీర్లు ఒకే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేర్వేరు వెర్షన్లు వాడారు. తీరా బిగించేటప్పుడు వైర్లు పొట్టివయ్యాయి! రెండేళ్ల ఆలస్యం. 2007 అక్టోబరులో సింగపూర్ నుంచి సిడ్నీకి మొదటి సఫర్. బోయింగ్ కూడా తక్కువ తినలేదు. విమానం భాగాలను జపాన్, ఇటలీలతో సహా బయటి కంపెనీలకు అప్పగించి, 2007 జులైలో జష్న్ చేసి చూపించింది దాదాపు ఖాళీ డొల్లనే. డ్రీమ్‌లైనర్ ప్రయాణికులను ఎక్కించుకునేసరికి 2011 అయింది. 2013 జనవరిలో బ్యాటరీలు కాలడంతో లోకంలోని డ్రీమ్‌లైనర్లన్నీ నేలమీద కూర్చున్నాయి. మన ఎయిరిండియావి ఆరూ అందులో ఉన్నాయి.

చివరికి ఏ380లు అమ్ముడైనవి 251. అందులో 123 ఒక్క ఎమిరేట్స్ కొన్నది. ఎందుకంటే దుబాయి యూరప్‌కీ ఆసియాకీ నడుమ పుట్టు జంక్షన్. అక్కడ దిగేవాళ్లు కొందరైతే, మారేవాళ్లు ఎందరో. మిగతా సంస్థలకు అన్ని సీట్లు రోజూ నింపడం తలనొప్పి అయింది. సింగపూర్ సంస్థ తన మొదటి ఏ380లను పదేళ్లకే వదిలేస్తే వాడినవాటికి ఖరీద్‌దార్ దొరకలేదు. ఫ్రాన్స్‌లో వాటిని విప్పి విడిభాగాలు చేశారు. 2019 ఫిబ్రవరిలో ఎమిరేట్స్ కూడా ఆర్డర్ తగ్గించుకోవడంతో ఎయిర్‌బస్ ఇక కట్టనని ప్రకటించింది. ఆఖరిది 2021 డిసెంబరులో వెళ్లింది. డ్రీమ్‌లైనర్లేమో వెయ్యి దాటాయి.

అంటే బోయింగ్ జీత్, ఎయిర్‌బస్ హార్ అనుకుంటాం. అంత ఆసాన్ కాదు. ఎయిర్‌బస్ తన జిద్ మీదే కూర్చోలేదు. 2006లోనే రెండింజన్ల ఏ350ని కొత్తగా డిజైన్ చేసి, ప్రత్యర్థి దారిలో కూడా ఒక కాలు పెట్టింది. తప్పుడు అందాజా ఉన్నా ఆ కంపెనీ మునగకపోవడానికి అదొక కారణం. బోయింగ్ సొంత జంబో 747 కూడా అదే గాలికి పోయింది, ఆఖరిది 2023 జనవరిలో ఇచ్చేశారు. సీదా సఫర్ అని పందెం కాసినవాడి నాలుగింజన్ల విమానాన్నీ ఆ సీదా సఫరే మింగింది. ఇక 2020లో రావాల్సిన బోయింగ్ 777ఎక్స్ ఏళ్ల తరబడి ఆలస్యం కావడంతో, కరోనాలో మూలన పెట్టిన ఏ380లు మళ్లీ ఎగిరాయి. హీత్రూ ఇప్పటికీ నిండే ఉంది. ఎయిర్‌బస్ రోగాన్ని సరిగ్గానే పట్టింది. దవా సైజే జ్యాదా అయింది.

ఈ కథలో మనవాళ్లూ ఉన్నారు. 2014లో భారత ప్రభుత్వం ఏ380 దిగడానికి అనుమతించిన నాలుగు ఎయిర్‌పోర్టుల్లో మన శంషాబాద్ ఒకటి. దుబాయి జంక్షన్‌కి జనాన్ని ఇచ్చింది నిజామాబాద్, కరీంనగర్, కడపల నుంచి మజ్దూరీకి పోయిన మన భాయిలు కూడా. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు సీదా విమానం మొదలుపెట్టింది. అది రెండింజన్ల బోయింగ్ 777.

ఇదంతా ఆ రోజు అమ్మీకి చెప్పాను. వినీ వినీ, "మరి మన తమ్ముడు షికాగోలో ఎందుకు లేడు?" అంది. దానికి నా దగ్గర జవాబ్ లేదు. చాయ్ తేవడానికి లేచాను, ఇంకా రెండు గంటలుంది.