యునైటెడ్ స్టేట్స్ ఫుట్‌బాల్ లీగ్

యునైటెడ్ స్టేట్స్ ఫుట్‌బాల్ లీగ్ (యు.ఎస్.ఎఫ్.ఎల్.) అనే పేరుతో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వేర్వేరు కాలాలలో రెండు వృత్తిపరమైన అమెరికన్ ఫుట్‌బాల్ లీగులు నడిచాయి. మొదటిది 1983 నుండి 1985 వరకు, రెండవది 2022, 2023 సంవత్సరాలలో పోటీలు నిర్వహించాయి. రెండూ వసంతకాలపు లీగులే.

నేపథ్యం

భారతదేశంలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆట వేరు, అమెరికన్ ఫుట్‌బాల్ వేరు. ఇందులో రెండు కొనలూ మొనదేలిన బంతిని చేతబట్టి పరుగెత్తుతూ, విసురుతూ ముందుకు సాగుతారు. ఈ ఆటలో అగ్రస్థానంలో ఉన్న నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్.ఎఫ్.ఎల్.) పోటీలు సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరిలో ముగుస్తాయి. తరువాతి నెలలలో అభిమానులకు ఆట ఉండదు. ఈ ఖాళీని పూరించవచ్చునని న్యూ ఆర్లియన్స్ వ్యాపారవేత్త డేవిడ్ డిక్సన్ భావించాడు.

మొదటి లీగు

1983 మార్చి 6న 12 జట్లతో పోటీలు ప్రారంభమయ్యాయి. హెర్షెల్ వాకర్, జిమ్ కెల్లీ, స్టీవ్ యంగ్, రెగ్గీ వైట్ వంటి ప్రతిభావంతులు ఈ లీగులో చేరారు. 1984లో జట్ల సంఖ్య 18కి పెరిగింది. ఆటగాళ్ళ జీతాలతో పాటు యజమానుల నష్టాలు కూడా పెరిగాయి. న్యూజెర్సీ జనరల్స్ యజమాని, తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన డోనాల్డ్ ట్రంప్, పోటీలను ఎన్.ఎఫ్.ఎల్. ఆడే శరదృతువుకు మార్చాలని పట్టుబట్టాడు. 1986 నుండి అలా మార్చాలని లీగు నిర్ణయించింది.

గుత్తాధిపత్యం చెలాయిస్తున్నదని ఎన్.ఎఫ్.ఎల్.పై యు.ఎస్.ఎఫ్.ఎల్. దావా వేసింది. 1986 జూలైలో జ్యూరీ ఆ ఆరోపణను కొంతవరకు అంగీకరించినా, నష్టపరిహారం కేవలం 1 డాలరుగా నిర్ణయించింది. చట్టప్రకారం అది మూడు రెట్లై 3 డాలర్లయింది. తలపెట్టిన శరదృతువు పోటీలు జరగనే లేదు.

పునరుద్ధరణ

లీగును మళ్ళీ ప్రారంభిస్తున్నట్లు 2021 జూన్‌లో ప్రకటన వెలువడింది. పాత జట్ల పేర్లు, రంగులు తీసుకున్నప్పటికీ ఇది పాత లీగుకు కొనసాగింపు కాదు. మొదటి లీగులో ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క యజమాని ఉండేవాడు. కొత్త లీగులో జట్లన్నీ లీగు అధీనంలోనే ఉండేవి, లీగు వెనుక ఫాక్స్ టెలివిజన్ సంస్థ ఉండేది.

2022 ఏప్రిల్ 16న బర్మింగ్‌హామ్ (అలబామా)లో జరిగిన ప్రారంభ పోటీలో బర్మింగ్‌హామ్ స్టాలియన్స్ 28-24తో న్యూజెర్సీ జనరల్స్‌పై గెలిచింది. ఖర్చు తగ్గించేందుకు ఆ ఏడాది 8 జట్ల లీగు దశ పోటీలన్నీ అదే నగరంలో నిర్వహించారు. దీనివలన స్థానిక జట్టు ఆడని రోజులలో స్టేడియం చాలావరకు ఖాళీగా కనిపించేది. 2023లో పోటీలను నాలుగు నగరాలకు విస్తరించారు. రెండు సంవత్సరాలూ స్టాలియన్స్ జట్టే విజేతగా నిలిచింది.

విలీనం

ఇదే కాలంలో మరొక వసంతకాల లీగు ఎక్స్.ఎఫ్.ఎల్. కూడా 2023లో పునఃప్రారంభమయింది. ఒకే ఋతువులో రెండు లీగులు మనుగడ సాగించడం కష్టమైనందున అవి విలీనమై యునైటెడ్ ఫుట్‌బాల్ లీగ్‌గా ఏర్పడ్డాయి. 2024 మార్చి 30న ప్రారంభమైన దీని తొలి పోటీలలో ఒక్కొక్క లీగు నుండి నాలుగు జట్లు పాల్గొన్నాయి.

ప్రాముఖ్యత

మొదటి లీగు ఎన్.ఎఫ్.ఎల్.తో తలపడి దెబ్బతిన్నది. రెండవది తారలకోసం పోటీపడక, అవకాశం దొరకని ఆటగాళ్ళకు వేదికగా నిలిచింది. అంతకుముందు సాకర్ ఆటగాడైన బ్రాండన్ ఆబ్రీ స్టాలియన్స్ జట్టులో కిక్కర్‌గా రాణించి, 2023లో ఎన్.ఎఫ్.ఎల్. జట్టు డల్లాస్ కౌబాయ్స్‌లో చేరాడు. న్యూజెర్సీ జనరల్స్ ఆటగాడు కవాంటే టర్పిన్ 2022లోనే అదే జట్టుకు ఎంపికయ్యాడు.